రిసాలత్ ఓపా కారుకు మేత

పెళ్లి పలావు వేళ పేట మొత్తం చీకటైపోయింది. ఆ నేరం రిసాలత్ ఓపా మీద పడింది. మా వైపు అక్కని ఓపా అంటారు. ఆ సమయానికి ఆమె పేటలోనే లేదు.

మా కోకంద్‌లో పెళ్లింటి పలావు తెల్లవారుతుండగానే పెడతారు. మగవాళ్లు నమాజు ముగించుకుని వరసగా వచ్చి, తిని, చేతులెత్తి దీవించి, ఎవరి పనికి వాళ్లు పోతారు. ఆ రోజు రఈస్ నేమత్‌జాన్ కొడుకు పెళ్లి. ఆయన మా పేట పెద్ద. బడికైనా, బ్యాంకుకైనా, దుకాణానికైనా, ఏ కాగితం కావాలన్నా దాని మీద ఆయన ముద్ర పడాలి. పలావుకు మూడు వందల మంది వచ్చారు. గుమ్మం ముందు దీపాల తోరణం, బీరువాలంత స్పీకర్లు నాలుగు, అద్దెకు తెచ్చిన ఫ్రిజ్‌లు, పెరట్లో కరెంటు పొయ్యిలు పెట్టారు. అన్నింటికీ స్తంభం నుంచి నేరుగా కొక్కెం తగిలించి తీగ లాగారు. పొడుగు బూరలు ఊదడం మొదలైన క్షణాన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద చప్పుడుతో పేలిపోయింది.

ఫోన్ల వెలుతురులో పలావు వడ్డించారు. సగం అన్నం పళ్లాల్లో, సగం పెద్దమనుషుల అంగీల మీద పడింది. ఆ గందరగోళంలో ఎవరో అన్నారు: "రాత్రంతా ఆ ఆడమనిషి కారు తాగేసింది కరెంటు. ఇంకేం మిగులుతుంది మనకి?"

నవ్వారు. నవ్విన మాట తెల్లారేసరికి నిజమైపోయింది.

నిజానికి ఓపా కారు తీగ తీసి డిక్కీలో చుట్టి పెట్టుకుని నాలుగింటికే బయల్దేరింది. రిష్తాన్ నుంచి రఈస్ అక్కలిద్దరిని పెళ్లికి తీసుకొచ్చే పని ఆమెకే అప్పజెప్పారు. డబ్బు కూడా తీసుకోలేదు, పెళ్లి కదా అని. ఆమె తిరిగొచ్చేసరికి వీధి చీకటి. అక్కలిద్దరూ కారు దిగి, మూటలు తీసుకుని, లోపలికి పోయారు. ఆ కారు ఆ వేళ ఎక్కడుందో వాళ్లకు తెలుసు. అప్పుడూ నోరు విప్పలేదు, తర్వాతా విప్పలేదు.

మూడో రోజు టీ దుకాణంలో కాగితం తిరిగింది. రిసాలత్ ఇంట్లో కారు చార్జింగ్ పెట్టడం వల్ల పేట ట్రాన్స్‌ఫార్మర్ పాడైందనీ, ఆమె లైను తగ్గించాలనీ అందులో రాశారు. నలభై ఒక్క సంతకాలు పడ్డాయి. పందొమ్మిదోది నాది. వీధి మలుపులో నాకో టైర్ల దుకాణం ఉండేది, దాని లీజు కాగితం రఈస్ ముద్ర కోసం ఆయన బల్ల సొరుగులో ఉంది. ఇలాంటి కాగితాల మీద సంతకం పెట్టని మనుషుల గురించి నేను చాలా పుస్తకాల్లో చదివాను. ఆ పుస్తకాల్లో ఎవరికీ దుకాణం లీజు ఉండదు.

వారం తిరగకుండా నిచ్చెన వేసుకుని ఇద్దరు వచ్చారు. ఆమె ఇంటికి వెళ్లే తీగకు చిన్న ఫ్యూజు బిగించి సీలు వేశారు. దీపాలు వెలుగుతాయి, ఫ్రిజ్ నడుస్తుంది. కారు తగిలిస్తే ఇల్లంతా ఆరిపోతుంది.

ఓపా కింద నిలబడి చూస్తోంది. పందొమ్మిదేళ్లు పట్టు మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన మనిషి. మిల్లుకు తాళం పడ్డాకే కారు కొనుక్కుంది.

"ఆ స్క్రూ తిరగేసి బిగిస్తున్నావు నాయనా," అంది నిచ్చెన మీది కుర్రాడితో. "నా కొంప ఆర్పేది ఆర్పు గానీ, పని శుభ్రంగా నేర్చుకుని ఆర్పు."

ఆమెకప్పుడు యాభై మూడు. భర్త పోయి పదేళ్లు. ఒంటి మీది బంగారమంతా అమ్మి, పాత చైనా కారు కొంది. దాని బ్యాటరీకి వయసైపోయింది. నిండా చార్జింగ్ పెడితే కోకంద్ నుంచి మార్గిలాన్ పట్టు బజారుకు పోయి రావడానికి సరిగ్గా సరిపోయేది. ఆడవాళ్లనే ఎక్కించుకునేది. పట్టు ముక్కలు అమ్మేవాళ్లు, టోపీలు కుట్టి అమ్మేవాళ్లు, పురుటికి కూతురింటికి పోయేవాళ్లు. మొగుడికి చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు కూడా.

కొత్తలో టీ దుకాణం ముందు మగవాళ్లు ఆమెను ఊరికే పోనిచ్చేవారు కాదు.

"ఓపా, దానికేం పెడతావు? పాలా, రొట్టా?" అని అడిగాడు రహ్మతుల్లా, మా పేట మంగలి.

"నీ పెళ్లాం నీకు పెట్టేదానికన్నా మంచిదే పెడతాలే," అంది ఆమె, అద్దం దించకుండానే. రహ్మతుల్లా ఆ తర్వాత చాలా రోజులు ఎవరికి గడ్డం గీసినా వాళ్లే ఆ మాట అతనికి గుర్తు చేసేవారు.

కరెంటు ధర గురించి ఆమెను అడిగితే చాలు, ఆగేది కాదు. "నెలకి రెండొందల యూనిట్లదాకా ఒక రేటు. అది దాటితే రెట్టింపు. నా కారు దాన్ని పదో తారీకుకే దాటేస్తుంది, రెట్టింపే కడుతున్నా, కడతా. అయినా గిట్టుబాటే. ఊరి చివర చార్జింగ్ స్టేషన్‌లో పెట్టానంటే ఇంటి రేటుకి నాలుగింతలు. అప్పుడు నా బండి ఎక్కిన ఆడవాళ్లు టోపీలమ్మిన డబ్బులన్నీ నాకిచ్చి, నడిచి పోవాలి ఇంటికి."

ఇంట్లో చార్జింగ్ పెట్టుకోగలిగితే ఆ కారు ఆమెకు బతుకుతెరువు. లేకపోతే ఇనుము. ఫ్యూజు బిగించిన రోజు నుంచీ ఆమె కొట్లాటంతా ఆ ఒక్క తీగ కోసమే.

మొదటి నెల స్టేషన్‌కే పోయింది. గంటలకొద్దీ వరసలో నిలబడేది. ఛార్జీ పెంచలేదు. పెంచితే ఆడవాళ్లు మానుకుంటారు. నెలాఖరుకు చేతి గడియారం అమ్మింది. అప్పుడు ఆమెకు ఒక ఉపాయం దొరికింది. ఉపాయం అనడం కూడా తప్పేమో. మా దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే అది.

గడప దాకా దింపిన మనిషిని టీ తాగకుండా పోనివ్వడం మా వైపు లేదు. "రండి ఓపా, ఒక గిన్నె టీ" అని ప్రతి ఇంట్లోనూ అంటారు. పాత రోజుల్లో అతిథి గుర్రం మీద వస్తే, అతిథి కూర్చోకముందే గుర్రానికి గడ్డి పడేది. గుర్రాలు పోయాయి గానీ మర్యాద పోలేదు.

"నాకు టీ వద్దు చెల్లీ, నా గుర్రానికి పొయ్యి," అనేది ఓపా తీగ చూపించి.

నవ్వేవాళ్లు. కిటికీలోంచి తీగ లోపలికి వెళ్లేది. ఇక్కడ గంట, అక్కడ రెండు గంటలు. మార్గిలాన్‌లో ఒక ఇంటి దగ్గర, రిష్తాన్‌లో ఇంకో ఇంటి దగ్గర. ఆ శరత్కాలంలో ఆమె కారు అలా ఊళ్లవెంట మేసి బతికింది. రఈస్‌కు ఈ సంగతి తెలిసి, "బిచ్చమెత్తుకుంటోందన్నమాట" అన్నాడట. ఆ మాట ఆమె చెవిన పడింది. "బిచ్చగత్తెని గుమ్మం బయట నిలబెడతారు. నన్ను లోపల పరుపు మీద కూర్చోబెడుతున్నారు. తేడా తెలీనివాడు రఈస్ ఎలా అయ్యాడో," అంది.

ఆ ధైర్యం రిష్తాన్‌లో ఒక మధ్యాహ్నం విరిగిపోయింది.

అక్కడ ఖైరినిసా అనే ముసలామె ఉండేది. టోపీల మీద మిరపకాయ ఆకారపు పూలు కుట్టేది. ప్రతి గురువారం ఓపా కారు ఆమె పెరట్లో మూడు గంటలు మేసేది. ఆ గురువారం ఓపా లోపలికి వెళ్లేసరికి ముసలామె గది మధ్యలో కాకుండా గడప మీద కూర్చుని, బయటి వెలుతురుకు సూది పట్టుకుని, కళ్లు చికిలిస్తోంది. పైకి చూస్తే బల్బు లేదు. గోడ మీద కరెంటు హీటరుకు గుడ్డ కప్పి ఉంది.

"బల్బు మాడిపోయిందా అమ్మా? నేను మారుస్తా, నా పనే కదా," అంది ఓపా.

ముసలామె సూది మీదికే వంగింది. టీ తెచ్చిన కోడలు మాట్లాడింది. "మాడలేదు ఓపా. తీసి దాచారు. రెండు నెలలుగా మాది కూడా రెండొందలు దాటుతోంది. దాటినదానికి రెట్టింపు పడుతోంది. నేను చెబుదామంటే అత్త ఊరుకోదు."

"నోర్ముయ్యి!" అని ముసలామె సూది కింద పెట్టింది. "అతిథి పశువు తిన్న గడ్డి నువ్వు లెక్కపెడతావా? మా ఇంట్లో పుట్టిన దానివైతే ఆ మాట నీ నోట్లోంచి వచ్చేదా?"

కోడలు ఏడ్చింది. ముసలామె తలెత్తి ఓపాతో, "ఆ పిల్ల మాట పట్టించుకోకు అమ్మా. తాగనీ. నిండా తాగనీ," అంది.

ఓపా లేచి పోయి తీగ పీకేసింది. ఆ తర్వాత అలాంటి ఏ ఇంట్లోనూ పెట్టలేదు. నన్ను ఆమె తమ్ముడిలా ఉకా అని పిలిచేది. నాతో ఇది చెప్పినప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. "వాళ్లు నోరు తెరిచి వద్దని అనరు ఉకా. అనలేరు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే తాగించాను. ఎవడి వల్ల నేను ఆ ముసలిదాని దీపం తాగాల్సొచ్చిందో వాడి కరెంటే తాగిస్తా ఇక."

ఆదివారం వచ్చింది. ఆదివారం పొద్దున పేటంతా కలిసి వీధి ఊడ్చుకోవడం రఈస్ పెట్టిన నియమం. ఆయన గుమ్మం ముందే మొదలవుతుంది. నలభై మంది దాకా ఉన్నాం, చీపుళ్లతో, పారలతో. రఈస్ బెంచీ మీద కూర్చుని ఎవరు రాలేదో చూస్తున్నాడు. అప్పుడు ఓపా కారు చప్పుడు లేకుండా వచ్చి సరిగ్గా ఆయన గుమ్మం ముందు ఆగింది. దిగింది. చేతిలో గుడ్డలో కట్టిన రెండు రొట్టెలు, హల్వా. అతిథిగా వచ్చేవాళ్లు ఎలా వస్తారో అలాగే వచ్చింది.

"అస్సలాము అలైకుం రఈస్ అకా. మీ ఇంటికి అతిథిగా వచ్చాను," అంది, అన్నని పిలిచినంత మర్యాదగా.

చీపుళ్లు ఆగిపోయాయి. రఈస్ ముఖం ఒక్క క్షణం బిగుసుకుంది. కానీ చుట్టూ నలభై మంది. గుమ్మంలోకి రొట్టెతో వచ్చిన మనిషిని కాదనడం ఆయన తరం కాదు, ఆయన తాత తరమూ కాదు.

"రండి, రండి రిసాలత్! మా ఇల్లు మీ ఇల్లే. లోపల ఆడవాళ్లున్నారు, వెళ్లండి."

"వెళ్తా. కానీ నా గుర్రం ఆకలి మీదుంది. తొమ్మిది శాతమే ఉంది ఒంట్లో. నేను టీ తాగుతుంటే అది బయట నకనకలాడుతుంటే నా గొంతు దిగదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. రఈస్ కూడా నవ్వాడు, గట్టిగా, అందరికీ వినపడేలా. ఇక్కడే ఆయన పొరపాటు చేశాడు. ఒక గంట అంటే సరిపోయేది. కానీ మా వాళ్లకు పదిమందిలో పెట్టే చెయ్యి ఊపు వస్తే ఆగదు.

"గుర్రమేనా? తీగ ఇలా ఇవ్వండి! నేమత్‌జాన్ గుమ్మంలోంచి ఎవరి పశువూ ఆకలితో పోలేదు. నిండేదాకా కదలడానికి వీల్లేదు. వందకి వంద తాగాలి!"

ఆయన కొడుకే తీగ లోపలికి పట్టుకెళ్లి తగిలించాడు. ఓపా లోపలికి వెళ్లింది. మేం వీధి ఊడవడం ముగించాం. పదకొండైంది. ఎవరూ ఇంటికి పోలేదు. ఏదో జరుగుతుందని అందరికీ అనిపించింది గానీ ఏమిటో తెలియదు.

మధ్యాహ్నం సూపు తాగి, మూతి తుడుచుకుంటూ ఓపా బయటికి వచ్చింది. ఆమె వెనకే రఈస్ వచ్చాడు. మా పేటలో మీటర్లన్నీ గుమ్మాల బయటే ఉంటాయి, గోడకు బిగించిన పెట్టెల్లో, అద్దం వెనక. కరెంటు వాడుతుంటే అందులో ఎర్రచుక్క మినుకుమంటుంది. ఎక్కువ వాడితే ఎక్కువసార్లు. ఓపా రఈస్ పెట్టె ముందు నిలబడి నన్ను పిలిచింది.

"ఉకా, నువ్వు పుస్తకాలు చదువుతావు కదా, లెక్క పెట్టడం వచ్చే ఉంటుంది. నిమిషంలో ఈ చుక్క ఎన్నిసార్లు కొడుతుందో చెప్పు."

ఫోన్‌లో గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషంలో ఒక్కసారి కొట్టింది. ఇంకోసారి కొడుతుందేమో అని ఇంకో అరనిమిషం చూశాను. కొట్టలేదు.

"ఒక్కసారి," అన్నాను.

"యాకూబ్ ఓతా," అని పక్కింటి ముసలాయన్ని పిలిచింది. "ఇంట్లో కరెంటు కెటిల్ పెట్టమనండి, ఒక్క టీకి."

కెటిల్ పెట్టారు. పక్క పెట్టెలో యాకూబ్ ఓతా మీటరు చుక్క కోడి గింజలేరుకున్నట్టు టక టక టక మొదలెట్టింది. అందరం ఒకసారి ఇటు, ఒకసారి అటు చూశాం. ఒక గిన్నె టీ నీళ్లకు ఆ చుక్క పరిగెడుతోంది. ఒక కారు మొత్తం మేస్తుంటే, లోపల హీటర్లు నడుస్తుంటే, పెరట్లో మోటారు తోడుతుంటే ఈ చుక్క నిద్రపోతోంది.

"మీ తొట్టె బాగుంది రఈస్ అకా," అంది ఓపా. "గుర్రం పొద్దుటినుంచి తాగుతోంది, నీళ్లు మాత్రం తగ్గట్లేదు."

రహ్మతుల్లా చీపురు కింద పడేశాడు. వాడు నవ్వు ఆపుకోలేక వంగిపోయాడు. మిగతావాళ్లు నవ్వలేదు. వాళ్ల ఇళ్లలో కూడా నెలాఖరుకు రెండొందలు దాటుతుందేమో అని హీటర్లు ఆర్పుకునే వాళ్లున్నారు.

"తీగ పీకండి!" అన్నాడు రఈస్ కొడుకుతో.

"ఆగు నాయనా," అంది ఓపా ఆ కుర్రాడితో, చాలా మెత్తగా. తర్వాత తండ్రి వైపు తిరిగింది. "అతిథి పశువు నోటి దగ్గర గడ్డి లాగేస్తారా? ఇంతమంది చూస్తుండగా? నిండేదాకా కదలొద్దని అన్నది మీరే. నాకేం తొందర లేదు. సూపు బాగుంది."

కొడుకు తండ్రి ముఖం చూశాడు. తండ్రి మా ముఖాలు చూశాడు. తీగ పీకమని రెండోసారి అనలేకపోయాడు. లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

కారు పొద్దు వాలేదాకా మేసింది. ఓపా బెంచీ మీద, రఈస్ కూర్చునే చోటే కూర్చుంది. ఆడవాళ్లు ఇళ్లలోంచి టీ తెచ్చారు. కొందరు పిల్లల్ని ఎత్తుకొచ్చి ఆ నిద్రపోతున్న చుక్కను చూపించారు. నిండాక ఆమె తీగ చుట్టుకుని, మూసిన తలుపు ముందు నిలబడి, చేతులెత్తి ఆ ఇంటి అన్నానికి దీవెన చెప్పి, వెళ్లిపోయింది. వెటకారం కాదు. తిన్న ఇంటికి దీవెన చెప్పకుండా పోవడం ఆమెకు తెలియదు.

దీనివల్ల రఈస్ పదవి పోయిందని రాయాలని నాకు ఉంది. పోలేదు. రెండు రోజుల్లో ఆయన మీటరు మారింది, కొత్త చుక్క మెలకువగా ఉంది, ఎవరికి ఏం ముట్టిందో నాకు తెలియదు. ఆయన ఓపాకు కబురు పంపాడు: ఫ్యూజు మార్పిస్తాను, ఫిర్యాదేమీ లేదని ఒక సంతకం పెట్టు.

"నా సంతకం చాలా ఖరీదు అని చెప్పు," అని కబురు తెచ్చినవాణ్ణి తిప్పి పంపింది. "నా లైను తీసింది ఆయన కాదు, నలభై ఒక్కమంది. వాళ్లే ఇవ్వాలి తిరిగి."

కరెంటు ఆఫీసులో అడిగితే వాళ్లూ అదే అన్నారు. సంతకాలు పెట్టినవాళ్లలో సగానికి పైగా వెనక్కి తీసుకుంటే లైను పెంచుతామన్నారు. ఓపా ఏ ఇంటికీ పోలేదు, ఎవర్నీ బతిమాలలేదు. ఆ కాగితం నకలు తన గుమ్మానికి అతికించింది. పక్కనే దారానికి కలం కట్టింది. అంతే.

మొదటి రోజు రహ్మతుల్లా వచ్చి తన పేరు కొట్టేశాడు. తర్వాత యాకూబ్ ఓతా వచ్చాడు. తర్వాత ఒక్కొక్కరే, నీళ్లకు పోతున్నట్టు, రొట్టెకు పోతున్నట్టు, అటూ ఇటూ చూసుకుని. నేను ఆరో రోజు వెళ్లాను. అప్పటికి నిచ్చెన కుర్రాడు వచ్చి పెద్ద ఫ్యూజు బిగించి వెళ్లిపోయాడు. ఆమె గోడ నుంచి కారుకు తీగ వేలాడుతోంది. అయినా నా పేరు కొట్టేశాను. రఈస్‌కు తెలిసింది. నా లీజు కాగితం సొరుగులోనే ఉండిపోయింది. చలికాలం రాకముందే దుకాణం ఖాళీ చేయాల్సి వచ్చింది.

తాష్కెంట్‌లో పని చూసుకుని, వెళ్లే ముందు ఆమె దగ్గరికి పోయాను. ఒక మంచి మాట అంటుందని ఆశపడ్డాను, అది ఒప్పుకోవాలి. ఆమె మార్గిలాన్ బయల్దేరుతోంది. వెనక సీట్లో ముగ్గురు ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో పట్టు మూటలు.

"నీ కోసం పేరు కొట్టేసినందుకు నా దుకాణం పోయింది ఓపా," అన్నాను.

ఆమె తీగ చుడుతూ నా వైపు చూసింది.

"నా కోసమా? ఇరవై ఒకటో గీతకే నాకు లైను వచ్చేసింది. నీది ఇరవై ఆరోది. లెక్క నీకు వచ్చు కదా ఉకా." తీగ డిక్కీలో పడేసి మూత వేసింది. "పో, క్షేమంగా పో. తాష్కెంట్‌లోనూ రఈసులుంటారు, వాళ్లూ కాగితం తెస్తారు. ఈసారి సంతకం పెట్టకముందే పోగొట్టుకో దుకాణం."